ఊపిరితిత్తుల స్కాన్‌కు వెళ్తే గుండె సంగతి తెలిసింది: అన్నానగర్ స్కానింగ్ సెంటర్ అనుభవం

మద్రాసు అన్నానగర్‌లోని ఒక స్కానింగ్ సెంటర్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందుగా కనిపెట్టే లో డోస్ (తక్కువ రేడియేషన్) సీటీ స్కాన్ చేయించుకుని రెండు నెలలైంది. కట్టిన డబ్బు 3,800 రూపాయలు. బల్ల మీద పడుకున్నది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల తర్వాత ఈ రెండు నెలల్లో ముగ్గురు స్పెషలిస్టుల గడప తొక్కాను. రోజూ ఒక మాత్ర, ఒక ఇన్‌హేలర్ మొదలయ్యాయి. మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు. క్యాన్సర్ మాత్రం లేదు. దొరికినవన్నీ నేను వెతుక్కుంటూ వెళ్ళని జబ్బులు.

సెంటర్ పేరు రాయడం లేదు. అక్కడ మెచ్చుకోవలసిన పని జరిగింది, జరగకూడని తప్పూ జరిగింది. తప్పు జరిగింది కౌంటర్ దగ్గర. పేరు రాస్తే వేటు పడేది నెల జీతానికి అక్కడ కూర్చునే పిల్లల మీద. వాళ్ళకు నేర్పించని పెద్దల మీద కాదు.

మాది గూడూరు. 22వ ఏట అన్నయ్య వెంట మద్రాసు వచ్చి, అంబత్తూరు ఎస్టేట్‌లో బాయిలర్ గొట్టాలు, ప్రెషర్ వెసల్స్ తయారుచేసే కర్మాగారంలో వెల్డరుగా చేరాను. చివరి పదిహేనేళ్ళు వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు 62. అన్నయ్యదీ నాదీ ఒకే షెడ్డు, ఒకే షిఫ్టు, ఒకే అగ్గిపెట్టె. మనవరాలు పుట్టిన వారంలో, 53వ ఏట, నేను పొగ మానేశాను. అన్నయ్య మానలేదు. ఆరేళ్ళ కిందట అన్నయ్యకు దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చ కనిపిస్తే క్షయ అన్నారు. ఎనిమిది నెలలు క్షయ మందులు మింగాడు. దగ్గు తగ్గలేదు, మనిషి సగమయ్యాడు. అప్పుడు తీసిన సీటీలో అది క్యాన్సర్ అనీ, అప్పటికే కాలేయానికి పాకిందనీ తెలిసింది. ఆ తర్వాత నాలుగు నెలలే ఉన్నాడు. ఆ మొదటి ఎక్స్‌రే కవరును వదిన ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉంచుకుంది.

అప్పటి నుంచి మా అమ్మాయి, "నాన్నా, నువ్వు ఒక్కసారి చూపించుకో" అని పోరుతూనే ఉంది. వెల్డింగ్ పొగ కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చిందట. ఛాతీ డాక్టరు ఆ మాట చెప్పాక ఇక వాయిదా వేయలేదు.

ఈ పరీక్ష ఎవరికి అవసరమో ముందు చెప్పాలి. ఎందుకంటే అందరికీ కాదు. అమెరికాలో 53,000 మందికి పైగా పొగతాగేవాళ్ళను, మానేసినవాళ్ళను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మూడేళ్ళు ఏటా తక్కువ రేడియేషన్‌తో సీటీ, ఇంకో భాగానికి మామూలు ఛాతీ ఎక్స్‌రే తీశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సీటీ తీసినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తక్కువ. 2020లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల పరీక్ష కూడా ఆ దారిలోనే ఫలితం చూపింది. అమెరికాలో 2021 నుంచి ఉన్న సిఫార్సు ప్రకారం వయసు 50 నుంచి 80 లోపు ఉండాలి. 20 ప్యాక్ సంవత్సరాల పొగ తాగి ఉండాలి. ఇప్పటికీ తాగుతూ ఉండాలి, లేదా మానేసి 15 ఏళ్ళు దాటకూడదు. మన దేశంలో దీనికి ప్రభుత్వ కార్యక్రమమేదీ లేదు కాబట్టి డాక్టర్లు ఈ కొలతనే వాడుతున్నారు.

ప్యాక్ సంవత్సరం అంటే రోజుకు ఒక ప్యాక్ చొప్పున ఏడాది. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. మన దగ్గర పెట్టెలో 10 సిగరెట్లు ఉంటాయి, ఈ లెక్కలో ప్యాక్ అంటే 20. నేను సగటున రోజుకు 15 తాగేవాడిని. అంటే ముప్పావు ప్యాక్. 21వ ఏట మొదలుపెట్టి 53వ ఏట మానేశాను కాబట్టి 32 ఏళ్ళు. ముప్పావుతో గుణిస్తే 24. అర్హత ఉన్నట్టే.

కౌంటర్‌లో అమ్మాయి ఇచ్చిన ఫారంలో మాత్రం సిగరెట్లకే గడి ఉంది. మొదటి ఆరేళ్ళు నేను తాగింది బీడీలు. నిజం చెప్పడం అలవాటు కాబట్టి చెప్పాను. ఆ అమ్మాయి ఆరేళ్ళు కొట్టేసి 26 ఏళ్ళకు లెక్క కట్టింది. 19.5 వచ్చింది. "ఈ ప్యాకేజీకి 20 ఉండాలి సార్, మీకు వర్తించదు, మామూలు ఛాతీ సీటీ రాయించుకుని రండి" అంది. మామూలు సీటీ అంటే డబ్బు ఎక్కువ, రేడియేషన్ అంతకన్నా ఎక్కువ. బీడీలో పొగాకు తక్కువే కావచ్చు, దాని పొగ ఊపిరితిత్తులకు చేసే కీడు తక్కువ కాదు. గుమ్మిడిపూండి నుంచి అంబత్తూరు దాకా నాతో పనిచేసినవాళ్ళలో సగం మంది బీడీలతోనే మొదలుపెట్టారు. ఆ ఫారం ప్రకారం వాళ్ళెవరూ పొగ తాగనట్టే. లోపలి నుంచి సీనియర్ టెక్నీషియన్ వచ్చి, నా డాక్టరు రాసిన చీటీ చూసి, "బీడీ కూడా లెక్కే" అని తన చేత్తో 24 అని దిద్దాడు. ఆయన రాకపోతే నేను ఇంటికి వెళ్ళిపోయేవాడిని. వెళ్తే మళ్ళీ వచ్చేవాడిని కాదు. ఈ ఒక్క సంగతి కోసమైనా ఈ సమీక్ష రాయాలని ఆరోజే అనుకున్నాను.

స్కాన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఇంజెక్షన్ లేదు, పరగడుపున ఉండనవసరం లేదు. చొక్కా విప్పి గౌను వేసుకోవాలి, చేతులు తలవైపు చాపాలి. యంత్రంలోంచి ఒక రికార్డు గొంతు తమిళంలో ఊపిరి పీల్చి ఆపమంటుంది, బల్ల ముందుకు జరుగుతుంది, అంతే. గది శుభ్రంగా ఉంది, ఏసీ మరీ చల్లగా ఉంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, బస్సులో వెళ్ళడమే మేలు.

రేడియేషన్ భయం ఉన్నవాళ్ళకు ఒక మాట. మా ఫ్యాక్టరీలో వెల్డుల లోపలి లోపాలు చూడటానికి ఇరిడియం అనే రేడియోధార్మిక లోహంతో రేడియోగ్రఫీ చేసేవారు. ఆ కుర్రాళ్ళు ఛాతీ మీద రేడియేషన్ మోతాదు కొలిచే బ్యాడ్జీ పెట్టుకుని, చుట్టూ తాడు కట్టి, మమ్మల్ని దూరంగా తరిమేవారు. అందుకని నాకు మోతాదు అడగడం అలవాటు. స్కాన్ రికార్డులో, యంత్రం ఎంత రేడియేషన్ వాడిందో చెప్పే డీఎల్‌పీ అనే సంఖ్య ఉంటుంది. నాది 92. ఛాతీకి దాన్ని 0.014తో గుణించాలని టెక్నీషియన్ చెప్పాడు. దాదాపు 1.3 మిల్లీసీవర్టులు. మామూలు ఛాతీ సీటీ ఇంతకు నాలుగైదు రెట్లు ఉంటుంది. మన దేశంలో రేడియేషన్ పనివాళ్ళకు అయిదేళ్ళ సగటున ఏడాదికి అనుమతించిన హద్దు 20. నాకు తృప్తి కలిగింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోనుకు సందేశం వచ్చింది: క్యాన్సర్ అనుమానం లేదు, 12 నెలల తర్వాత మళ్ళీ స్కాన్. మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. సాయంత్రం రిపోర్టు తెచ్చుకోవడానికి వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు కవరు ఇస్తూ, "అంతా నార్మల్ సార్, హాయిగా వెళ్ళండి" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగా నాకున్న అలవాటు రిపోర్టును కింది నుంచి చదవడం. సంతకం, తేదీ, రిమార్కులు ముందు, పైన ఉన్న పెద్ద అక్షరాలు తర్వాత. అక్కడే నిలబడి రెండో పేజీ తిప్పాను. అడుగున "2ఎస్" అని ఉంది. 2 అంటే అర్థమైంది. అమెరికాలోని రేడియాలజిస్టుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ) తయారుచేసిన లంగ్ రాడ్స్ అనే తరగతుల్లో అది నిరపాయమైన గింజలు (ఊపిరితిత్తిలో కనిపించే చిన్న గుండ్రని మచ్చలు), ఏడాదికి మళ్ళీ చూడండి అనే తరగతి. పక్కన ఎస్ ఎందుకని అడిగాను. "అది కంప్యూటర్ వేసే అక్షరం సార్" అన్నాడు.

ఆ అక్షరాన్ని కంప్యూటర్ తనంతట తాను వేయదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కాకుండా పట్టించుకోవలసిన మరో సంగతి కనిపించినప్పుడు రేడియాలజిస్టు చేర్చే అక్షరం అది. ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. నేను కవరు మూసి వెళ్ళిపోయి ఉంటే, చెప్పవలసిన ముఖ్యమైన మాట నా బీరువాలో చీరల కింద ఉండేది. నా కోపమంతా ఇక్కడే. స్కాన్ తీయడం చేతనైంది, చదవడం చేతనైంది, రాయడం చేతనైంది. చెప్పడం దగ్గరికి వచ్చేసరికి "నార్మల్" అని ఒక్క మాట అనేశారు.

డాక్టరును చూడకుండా కదలనని కూర్చున్నాను. నలభై నిమిషాల తర్వాత రేడియాలజిస్టు బయటికి వచ్చారు. చిన్న వయసు, చిత్తూరు వైపు తెలుగు. "రండి, లోపల చూపిస్తాను" అన్నారు. తర్వాతి పావుగంట ఈ సెంటర్‌లో నాకు దొరికిన అత్యుత్తమ సేవ. దానికి వాళ్ళు పైసా తీసుకోలేదు.

చీకటి గదిలో రెండు పెద్ద తెరలు. నా ఛాతీ అడ్డంగా ముక్కలు ముక్కలుగా కోసినట్టు కనిపిస్తోంది. మౌస్ చక్రం తిప్పుతుంటే మెడ దగ్గర మొదలై పొట్ట పైభాగం దాకా కిందికి దిగుతోంది. "ఒకే చిత్రాన్ని రెండు వెలుగుల్లో చూడాలి" అని ఆమె ఒక మీట నొక్కారు. మొదటి వెలుగులో ఊపిరితిత్తులు వివరంగా ఉన్నాయి, గుండె ఒక తెల్లని ముద్ద. మీట నొక్కగానే ఊపిరితిత్తులు నల్లగా మాయమయ్యాయి, గుండె బూడిద రంగులో విప్పుకుంది. ఆ బూడిద మీద, ఎడమవైపు ముందుభాగంలో దిగే రక్తనాళం ఉండవలసిన చోట, సుద్దముక్కతో గీసినట్టు ఒక తెల్లని గీత. దాని కింద రెండు చుక్కలు.

నాకు వెంటనే అర్థమైంది. టంగ్‌స్టన్ కడ్డీతో చేసే టిగ్ వెల్డింగులో దాని మొన విరిగి కరిగిన లోహంలో పడితే, రేడియోగ్రఫీ ఫిల్ము మీద అది ఇలాగే తెల్లగా మెరుస్తుంది. చుట్టూ ఉన్నదాని కన్నా చిక్కటి పదార్థం కాబట్టి. పైనుంచి చూస్తే వెల్డు నున్నగా, అందంగా ఉంటుంది. ఆ మాటే చెప్పాను. ఆమె కుర్చీ నావైపు తిప్పుకుని, "సరిగ్గా అదే. ఇది సున్నం. నాళం గోడలో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుని, అది గట్టిపడితే ఇలా కనిపిస్తుంది. మీ వయసులో, ఇన్నేళ్ళు పొగ తాగినవాళ్ళలో తరచుగా చూస్తాం. కానీ చూసి ఊరుకోకూడదు" అన్నారు.

సున్నం ఎంత ఉందో అంకెల్లో చెప్పే అగాట్‌స్టన్ స్కోరు అనే పద్ధతి 1990 నుంచి ఉంది. దానికి గుండె లయను అనుసరించి తీసే వేరే స్కాన్ కావాలి. ఈ స్కాన్‌లో గుండె కొట్టుకుంటూ ఉండగానే తీస్తారు కాబట్టి కొద్దిగా చెదిరినట్టు వస్తుంది. అందుకని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మాత్రమే రాస్తారు. నాది మధ్యస్థం.

తర్వాత మళ్ళీ ఊపిరితిత్తుల వెలుగుకు వచ్చి పైభాగాలు చూపించారు. చెదలు తిన్న చెక్కలా అక్కడక్కడా నల్లని చిల్లులు. వెల్డులో గాలి బుడగలు చిక్కుకుంటే మేము పోరాసిటీ అంటాం. ఫిల్ము మీద నల్లని చుక్కలుగా పడుతుంది. ఇదీ అంతే. గాలి తిత్తుల గోడలు తెగి ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఎంఫిసీమా. సీటీలో ప్రతి బిందువుకూ ఒక అంకె ఉంటుంది. నీరు సున్నా, గాలి మైనస్ 1000. ఊపిరితిత్తిలో మైనస్ 950 కన్నా కిందికి పోయిన చోట కణజాలం తగ్గి గాలి మిగిలిందని లెక్క. ఆ కొలతకు హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. ఆయన డాక్టరు కాదు, ఇంజనీరు. సీటీ యంత్రం తయారుచేసినందుకు 1979లో కార్మాక్‌తో కలిసి వైద్యంలో నోబెల్ అందుకున్నాడు. పని చేతులతో నేర్చుకున్నవాడిగా నాకు ఆ సంగతి ఎంతో నచ్చింది.

కుడివైపు పైన ఒక చిన్న గింజ ఉంది. పూర్తిగా సున్నమై గట్టిపడింది. ఎప్పుడో సోకి, మనకు తెలియకుండానే మానిపోయిన క్షయ గుర్తు అయి ఉండవచ్చు, దాని జోలికి పోనక్కర్లేదు అన్నారు. అన్నయ్యకు మచ్చ కనిపించింది కూడా కుడివైపు పైనే. కాసేపు నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమె నీళ్ళ సీసా ఇచ్చి, నేను తేరుకునేదాకా తెర కదపకుండా కూర్చున్నారు. ఇంకో గింజ 4 మిల్లీమీటర్లు. ఏడాది తర్వాత చూడమన్నది దీని కోసమే.

చివరిది ఎడమ మూత్రపిండం మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథిలో 14 మిల్లీమీటర్ల గడ్డ. "చాలామందిలో ఉంటుంది, హానిలేనిదే అనిపిస్తోంది, హార్మోన్ల డాక్టరుకు ఒకసారి చూపించండి" అని ఆమె తేలిగ్గానే చెప్పారు. ఇంటికి వచ్చి నేను ఫోనులో వెతికాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకే చోట్లలో అడ్రినల్ ఒకటని ఉంది. అంతే, మూడు రాత్రులు. మూడో గింజ కూడా ఉందేమో, ఆమెకు కనిపించలేదేమో అని నాలో నేనే. మా ఆవిడ, "ఏమండీ, ఆ ఫోను ఇలా ఇవ్వండి" అని లాక్కుని తన దిండు కింద పెట్టుకుంది.

హార్మోన్ల డాక్టరు స్కాన్ సీడీ పెట్టి, గడ్డ మీద బాణం ఉంచి అంకె చదివారు. 4. నీటికి దగ్గర. పది లోపు ఉంటే గడ్డలో కొవ్వు నిండి ఉందని, అది క్యాన్సర్ కాదని అర్థమట. హార్మోన్లు అతిగా వదులుతోందా అని చూడటానికి రాత్రి 11 గంటలకు ఒక డెక్సామెథాసోన్ మాత్ర వేసుకుని, ఉదయం 8 గంటలకు రక్తం ఇవ్వమన్నారు. ఫలితం బాగానే వచ్చింది. ఖర్చు 2,600 రూపాయలు. ఆ మూడు రాత్రులకు వెల కట్టలేను.

కాబట్టి వెళ్ళేవాళ్ళు ఇది తెలిసి వెళ్ళాలి. ఈ స్కాన్ చాలా చూస్తుంది, చూసినవాటిలో చాలా భాగం ఏమీ కాదు. ఆ అమెరికా పరీక్షలో అనుమానం అని వచ్చిన స్కాన్లలో 100కి 96 క్యాన్సర్ కానివే. క్షయ మచ్చలు ఎక్కువగా ఉండే మన దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అలాగే ఇది ఒళ్ళంతా చూసే పరీక్ష కూడా కాదు. కాలేయం, మూత్రపిండాలు పైభాగం మాత్రమే పడతాయి, తక్కువ మోతాదు కాబట్టి చిత్రం కొంచెం ఇసుక చల్లినట్టు ఉంటుంది, నాళంలో అడ్డంకి ఉందో లేదో తెలియదు. రిపోర్టులో రాయలేదు కాబట్టి ఆ జబ్బు లేదని అనుకోకూడదు. నేను కూర్చున్నప్పుడు కౌంటర్‌లో, సిగరెట్ ముట్టని 34 ఏళ్ళ యువకుడికి ఇదే స్కాన్‌ను ఆరోగ్య పరీక్ష పేరుతో అంటగట్టడం చూశాను. అది తప్పు. అతనికి దీనివల్ల మేలు కన్నా భయం ఎక్కువ.

నా విషయంలో మేలు ఎంతో చెబుతాను. నాకు ఛాతీ నొప్పి ఎప్పుడూ రాలేదు. రోజూ ఉదయం నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. గుండె డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించారు, భయపడవలసింది ఏమీ రాలేదు. రక్తంలో చెడు కొలెస్ట్రాల్ 148 ఉంది. అటోర్వాస్టాటిన్ మొదలుపెట్టారు. సున్నం కరుగుతుందా అని అడిగితే కరగదన్నారు. మాత్ర పని ఉన్న సున్నాన్ని తీసేయడం కాదు, గోడలోని మెత్తటి కొవ్వు పగిలి గడ్డకట్టకుండా నాళాన్ని స్థిరంగా ఉంచడం. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పారు: ఆ పెద్ద అమెరికా పరీక్షలో పాల్గొన్న పొగరాయుళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్ళు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినవాళ్ళకు ఏమీ తీసిపోరు. అందరం క్యాన్సర్ వైపే కళ్ళప్పగించి కూర్చుంటాం. ఛాతీ డాక్టరు ఊదించి చూశారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి మొత్తం ఊదిన గాలిలో 0.70 వంతు ఉండాలి, నాది 0.66. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని రెండేళ్ళుగా అనుకుంటూ, వయసు అని సరిపెట్టుకున్నాను. తెగిన గోడలు మళ్ళీ అతుక్కోవు కానీ, ఇన్‌హేలర్ వాడాక మూడో అంతస్తులోని మా అమ్మాయి ఇంటికి మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా కూడా వేయించుకున్నాను.

సెంటర్ మేనేజరుకు కాగితం మీద ఉత్తరం రాసి ఇచ్చాను. ఫారంలో బీడీ గడి పెట్టండి. ఫోను సందేశంలో క్యాన్సర్ లేదు అని ఒక్కటే పంపకండి, ఎస్ ఉంటే "ఇతర విషయాలు ఉన్నాయి, డాక్టరుతో మాట్లాడండి" అని చేర్చండి. రిపోర్టు ఇచ్చేచోట నార్మల్ అనే మాట ఎవరూ నోటితో అనవద్దు. రేడియాలజిస్టుతో పది నిమిషాలకు విడిగా 500 తీసుకున్నా ఇస్తాం, ఆ పది నిమిషాలు మాత్రం ఇవ్వండి. మేనేజరు చదివి, పైవాళ్ళకు పంపుతానన్నాడు.

స్కాన్‌కు, రేడియాలజిస్టుకు, ఆ సీనియర్ టెక్నీషియన్‌కు నేను అయిదుకు అయిదు ఇస్తాను. కౌంటర్‌కు ఒకటి. వెళ్ళేవాళ్ళు పాత ఎక్స్‌రేలు, స్కాన్లు ఉంటే తీసుకెళ్ళండి, పోల్చడానికి పనికొస్తాయి. సీడీ అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు. మధ్యాహ్నం రెండు తర్వాత రద్దీ తక్కువ.

పోయిన శుక్రవారం నా పాత సహచరుణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఆయనకు 66, నాయుడుపేట మనిషి, నలభై ఏళ్ళు బీడీలే, ఇంకా మానలేదు. అదే అమ్మాయి, అదే ఫారం. సిగరెట్ల గడి పక్కన పెన్నుతో గీత గీసి, "బీడీ ఎన్నేళ్ళు? రోజుకు ఎన్ని?" అని తమిళంలో అడిగింది. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ చెబుతుంటే పూర్తిగా రాసుకుంది. రిపోర్టు సోమవారం వస్తుంది. నేను వచ్చేదాకా కవరు తీసుకోవద్దని చెప్పాను.